త్రైరాశికం తప్పిన చోట

ఉద్యోగంలో ఉన్న ముప్పై రెండేళ్ళూ ఈ గృహపత్రికను మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివానే గాని, దీనికి ఒక్క వ్యాసమైనా పంపలేదు. స్టోర్సు విభాగంలో పనిచేసినవాడికి లెడ్జర్లు, బిన్ కార్డులు, ఇండెంట్లు తప్ప చెప్పుకోదగిన విశేషాలు ఏముంటాయని నా అభిప్రాయం. ఈ మధ్య పదవ తరగతి చదువుతున్న మా మనుమరాలు త్రికోణమితి పాఠం మధ్యలో పుస్తకం మూసి, "తాతయ్యా, పరీక్షలయ్యాక ఇవన్నీ ఎక్కడైనా పనికొస్తాయా?" అని అడిగింది. "నాకు ఒక్కసారి పనికొచ్చాయమ్మా, అప్పుడు ఒక మనిషి పరువు నిలిచింది" అన్నాను. ఆ కథ పూర్తిగా చెప్పాలంటే నేను చేసిన తప్పును కూడా చెప్పుకోవాలి. పదవీ విరమణ చేసినవాడికి ఆ మాత్రం ధైర్యం ఉండాలి గనుక ఇన్నాళ్ళకు కలం పట్టాను.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదువుకొన్నాను. మా లెక్కల మాస్టారికి త్రైరాశికమంటే ప్రాణం. తెలిసిన రాశులు మూడు, తెలియవలసినది ఒకటి. అయిదు మామిడిపండ్ల వెల రెండు రూపాయలైతే పాతిక పండ్ల వెల ఎంత అన్నది దాని స్వరూపం. ఈ పద్ధతిని క్రీ.శ. 499లోనే ఆర్యభటుడు సూత్రీకరించాడనీ, 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో రకరకాల ఉదాహరణలతో విస్తరించాడనీ, మహావీరాచార్యుని గణితగ్రంథాన్ని పావులూరి మల్లన తెనుగు పద్యాలలోకి తెచ్చాడనీ ఆయన గర్వంగా చెప్పేవారు.

ఒకనాడు ఆయన బల్ల మీద ఒక లెక్క రాశారు. నలుగురు కూలీలు ఒక బావిని పది రోజులలో తవ్వగలరు. నలభై మంది ఎన్ని రోజులలో తవ్వుతారు? "ఒక రోజండీ" అని తరగతి అంతా అరిచింది. "నాలుగు వందల మంది?" నేను అందరికంటె ముందుగా లేచి, "రోజులో పదో వంతు, అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలండీ" అన్నాను. మాస్టారు చిరునవ్వు నవ్వి, "లెక్క సరిగానే చేశావురా. ఆ నాలుగు వందల మందీ బావిలో ఎక్కడ నిలబడతారో కూడా చెప్పి కూర్చో" అన్నారు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. నవ్వి మరచిపోయాను. ఆ మరపు ఖరీదు పద్నాలుగేళ్ళ తరువాత తెలిసివచ్చింది.

నేను 1986లో ఉద్యోగంలో చేరాను. నా మొదటి నియామకం ఒక ప్రాజెక్టు నిర్మాణస్థలంలో. అక్కడ డంపర్లకు, క్రేన్లకు, జీపులకు డీజిలు పోయడానికి ఆవరణలోనే ఒక చిన్న బంకు ఉండేది. నేల అడుగున అడ్డంగా పడుకోబెట్టిన ఉక్కు ట్యాంకు, పైన ఒక పంపు, దానికి మీటరు. ట్యాంకులో ఎంత డీజిలున్నదో తెలుసుకోవడానికి సెంటీమీటర్ల గుర్తులున్న ఇత్తడి రాడ్డును పైమూత గుండా నిలువుగా దింపి, తడి ఎంతవరకు అంటిందో చూసేవారు. దానినే డిప్ తీయడమనేవారు. ఎన్ని సెంటీమీటర్లకు ఎన్ని లీటర్లో చూపే పట్టిక ఒకటి గోడకు తగిలించి ఉండాలి.

1987లో పాత ట్యాంకు తీసివేసి కొత్తది వేశారు. తయారుచేసినవారి నుండి రావలసిన పట్టిక రాలేదు. మా అధికారి నన్ను పిలిచి, "నువ్వు లెక్కలు బాగా చేస్తావు గదా, అది వచ్చేవరకు ఒక పట్టిక తయారుచేయి" అన్నారు. ట్యాంకు లోపలి వ్యాసం 2 మీటర్లు, పొడవు 6.4 మీటర్లు. ఘనపరిమాణం దాదాపు 20,100 లీటర్లు. నేను దానిని 200 సెంటీమీటర్లతో భాగించాను. సెంటీమీటరుకు 100.5 లీటర్లు వచ్చింది. అరగంటలో రెండు వందల వరుసల పట్టిక రాసి, ఎర్ర సిరాతో గీతలు గీసి, అధికారి సంతకం చేయించి గోడకు తగిలించాను. అసలు పట్టిక సంగతి క్రమంగా అందరమూ మరచిపోయాము.

ఆ బంకును చూసుకొనే పెద్దాయనను మేమందరమూ బాబాయి అని పిలిచేవాళ్ళం. చదువు రెండవ తరగతి. అంకెలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసేవాడు. రోజూ ఉదయం డిప్ తీసి సెంటీమీటర్లు మాత్రం రిజిస్టరులో వేసేవాడు. వాటిని లీటర్లలోకి మార్చి పుస్తకపు నిల్వతో పోల్చే పని అప్పుడప్పుడు జరిగే తనిఖీలో మాదే. కొత్త ట్యాంకులో మొదటిసారి డీజిలు నింపిన రోజున బాబాయి నాతో ఒక మాట అన్నాడు. "బాబూ, ఇదేటో చిత్రంగుంది. అడుగున రాడ్డు మీద తడి గబగబా పైకి పాకుతంది. నడిమికి వచ్చేసరికి మెల్లగయిపోతంది." నేను నా పట్టిక గీసే హడావుడిలో ఉండి, "టాంకరు వాల్వు సరిగా తెరిచి ఉండడు బాబాయ్" అని తోసిపుచ్చాను.

ఆ సంవత్సరం చివరలో జరిగిన తనిఖీలో డిప్ 60 సెంటీమీటర్లు వచ్చింది. నా పట్టిక ప్రకారం 6,030 లీటర్లు. పుస్తకంలో ఉన్నది 5,080. అంటే 950 లీటర్లు ఎక్కువ. "ఎక్కువే గదా, తక్కువ కాదు గదా" అనుకొని, పంపు మీటరులో తేడా ఉండవచ్చునని ఒక వాక్యం రాసి ఫైలు మూసివేశారు. ఎక్కువ కనబడినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

1988 మార్చి 31న సంవత్సరాంతపు తనిఖీ జరిగింది. అప్పటికి నాలుగు రోజుల క్రితమే ట్యాంకు నింపారు. డిప్ 150 సెంటీమీటర్లు. పట్టిక ప్రకారం 15,075 లీటర్లు. పుస్తకంలో 16,190. లోటు 1,115 లీటర్లు. ఇక గాలిలో ఆవిరైపోయిందనడానికి వీలులేదు. "మొన్న ఎక్కువ చూపించింది ఈ దొంగతనాన్ని కప్పిపుచ్చడానికేనేమో" అని కూడా ఒకరన్నారు. బాబాయికి సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చారు. ఆయన పదవీ విరమణకు అప్పటికి పద్నాలుగు నెలలున్నది. వారం రోజుల పాటు సాయంత్రం గేటు దగ్గర ఆయన సైకిలు ఆపి, క్యారియరు మీది అన్నం సంచి విప్పించి చూశారు. గిన్నె మూత కూడా తీయించారు. వెనుక వరుసలో నిలబడి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మెమోకు జవాబు రాసిపెట్టమని ఆయన నా దగ్గరికే వచ్చాడు. ఏమి రాయమంటావని అడిగాను. "నేను తియ్యలేదు బాబూ. అంతకు మించి నాకు రాయించడానికేటుంది?" అని కాసేపు ఊరుకొని, మళ్ళీ అదే మాట అన్నాడు. "అడుగున సెంటీమీటరూ నడిమి సెంటీమీటరూ ఒకటేనా? పైకి వచ్చాక మళ్ళీ తడి గబగబా పాకుతంది. నేను రోజూ చూస్తన్నాను గదా."

ఈసారి ఆ మాట వినబడింది. ఆ రాత్రి ఇంట్లో తెల్లకాగితం మీద వృత్తలేఖినితో ఒక వృత్తం గీశాను. ట్యాంకును అడ్డంగా కోస్తే కనబడే ముఖం అదే. దాని మీద సమానమైన ఎడంతో అడ్డగీతలు గీసేసరికి ఒళ్ళు చల్లబడింది. అడుగున ఉన్న పట్టీ సన్నగా చిన్నదిగా ఉన్నది. మధ్యలోని పట్టీ వృత్తమంత వెడల్పున్నది. ఈ రెండింటికీ నేను ఒకే విలువ కట్టాను. ట్యాంకు నిలువుగా నిలబెట్టి ఉంటే నా పద్ధతి అక్షరాలా సరిపోయేది. పడుకోబెట్టిన ట్యాంకుకు అది పనికిరాదు. నాలుగు వందల మందిని నేను మళ్ళీ బావిలోకి దింపాను.

ఆ లెక్కకు పదవ తరగతి గణితం చాలు. డీజిలు 50 సెంటీమీటర్ల లోతున ఉన్నదనుకొందాం. వ్యాసార్ధం 100 గనుక వృత్తకేంద్రం నుండి డీజిలు మట్టానికి దూరం 50. కొసైన్ విలువ సగం అయ్యే కోణం 60 డిగ్రీలు. రెండు వైపులా కలిపి 120, అంటే పూర్తి వృత్తంలో మూడవ వంతు. వృత్తవైశాల్యం 31,416 చదరపు సెంటీమీటర్లు, అందులో మూడవ వంతు 10,472. దీని నుండి కేంద్రం దగ్గరి త్రిభుజాన్ని తీసివేయాలి. పైథాగరస్ సిద్ధాంతం వల్ల దాని సగం భూమి 86.6, వైశాల్యం 4,330. మిగిలిన వృత్తఖండం 6,142. ట్యాంకు పొడవు 640 సెంటీమీటర్లతో గుణిస్తే 3,931 లీటర్లు. నా పట్టికలో 50 సెంటీమీటర్లకు 5,025 అని రాసి ఉన్నది.

డిప్ 150 ఉన్నప్పుడు పైన ఖాళీగా ఉన్న భాగం కూడా ఇదే 3,931 లీటర్లు. మొత్తం 20,106లో నుండి అది తీసివేస్తే 16,175. పుస్తకంలో 16,190. తేడా పదిహేను లీటర్లు! 60 సెంటీమీటర్ల వద్ద లెక్కించి చూస్తే 5,073 వచ్చింది, పుస్తకంలో 5,080. సగానికి దిగువన నా పట్టిక లేని డీజిలును చూపింది, సగానికి ఎగువన ఉన్న డీజిలును దాచింది. అడుగున మొదటి సెంటీమీటరులో పట్టేది సుమారు 12 లీటర్లు, సరిగ్గా నడుమ సెంటీమీటరులో పట్టేది 128 లీటర్లు. రెండవ తరగతి చదివిన మనిషి రాడ్డు మీద కంటితో చూసి పట్టుకొన్న సత్యమిది. పెద్ద చదువు చదివానన్న నేను గోడకు తగిలించినది అసత్యం.

తెల్లవారి అధికారి దగ్గరికి వెళ్ళి కాగితం ముందుంచాను. పట్టిక నాదేననీ, తప్పు నాదేననీ చెప్పాను. ఆయన సంతకం కూడా దాని మీద ఉన్నది గనుక కొంతసేపు మౌనంగా ఉండిపోయారు. తరువాత ఆయనే ఒక ఉపాయం చెప్పారు. "కాగితం మీద లెక్క సరే, ట్యాంకు చేతనే చెప్పిద్దాం." అప్పటి నుండి కొత్త డీజిలు పోయకుండా, డిప్ 150 నుండి 100కు దిగేవరకు పంపు మీటరు చూశాము. నా పాత పట్టిక ప్రకారం 5,025 లీటర్లు ఖర్చు కావాలి. కొత్త లెక్క ప్రకారం 6,122. మీటరును ముందే ప్రమాణపాత్రతో కొలిచి సరిచూశాము. డిప్ 100కు వచ్చిన నాడు మీటరు చూపిన ఖర్చు 6,110.

మెమో ఉపసంహరించారు. ఆ సంగతి చెప్పడానికి నేనే బంకుకు వెళ్ళాను. బాబాయి నా మాట అంతా విని, రాడ్డు తుడుచుకొంటూ, "గేటుకాడోళ్ళకు కూడా చెప్తావా బాబూ?" అని మాత్రం అడిగాడు. ఆ సాయంత్రం ఆయన సైకిలు పక్కనే నడిచి గేటు వరకు వెళ్ళి, అక్కడున్న భద్రతా సిబ్బందికి, వరుసలో నిలబడినవారికి వినబడేలా తప్పు నా లెక్కదని చెప్పాను. ఉద్యోగంలో నేను చేసిన ప్రసంగం అదొక్కటే. మరుసటి సంవత్సరం ఆయన గౌరవంగా విరమణ చేశాడు. ఎర్ర సిరా గీతల ఆ పాత పట్టిక ఇప్పటికీ నా బీరువాలో ఉన్నది.

చాలా ఏళ్ళ తరువాత జోహాన్నెస్ కెప్లర్ గురించి చదువుతూ ఉలిక్కిపడ్డాను. గ్రహాల గమనసూత్రాలు చెప్పిన ఆ మహనీయుడు 1613లో రెండవ వివాహం చేసుకొన్నాడు. ఇంటికి తెప్పించిన ద్రాక్షసారా పీపాలను వర్తకుడు కొలిచే తీరు ఆయనకు నచ్చలేదు. పీపా రంధ్రంలో నుండి ఏటవాలుగా ఒక కడ్డీ దింపి, తడిసిన పొడవును బట్టి ధర కట్టడమే ఆ పద్ధతి. పొట్టిదైనా పొడుగుదైనా కడ్డీ ఒకటే చెబుతుందా అన్న అనుమానంతో లెక్కించడం మొదలుపెట్టి, 1615లో పీపాల ఘనపరిమాణం మీద ఏకంగా ఒక గ్రంథం ప్రకటించాడు. అందులోని ఆలోచనలు తరువాతి కలనగణితానికి దారి చూపినవాటిలో ఉన్నాయి. విశేషమేమిటంటే, ఆస్ట్రియా పీపాల ఆకారానికి ఆ కడ్డీ పద్ధతి చాలావరకు సరిపోతుందని చివరకు ఆయనే తేల్చాడు. అనుమానంతో మొదలైన లెక్క వర్తకుని నిర్దోషిత్వంతో ముగిసింది. అది చదివినప్పుడు నాకు బాబాయి గుర్తుకువచ్చాడు.

ఒకసారి దెబ్బ తిన్నవాడు మళ్ళీ తినడని అనుకోరాదు. 1991లో స్కూటరు కొనడానికి ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థ నుండి 18,000 రూపాయల అప్పు తీసుకోబోయాను. వడ్డీ ఏడాదికి 12 శాతం, మూడేళ్ళు. వడ్డీ మొత్తం 6,480. అసలుతో కలిపి 24,480, నెలకు 680 చొప్పున 36 వాయిదాలు. బారువడ్డీ లెక్క నిమిషంలో సరిచూసి సంతకానికి సిద్ధమయ్యాను. పదవ తరగతితో చదువు మానిన నా భార్య కాగితం చూసి, "ఏమండీ, ఆఖరి నెలలో మన దగ్గర వాళ్ళ డబ్బు ఎంత ఉంటుంది?" అని అడిగింది. నెలకు 500 అసలు తీరుతుంది గనుక చివరికి 500 అన్నాను. "అయితే ఆ నెల అయిదు వందలకు నూట ఎనభై రూపాయల వడ్డీ కడుతున్నామా?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. మొదటి నెల బాకీ 18,000, చివరి నెల 500, మధ్యలో నెలకు 500 చొప్పున తరుగుతూ పోయే అంకశ్రేఢి. సగటు బాకీ 9,250. దాని మీద ఏడాదికి 2,160 వడ్డీ అంటే 23 శాతానికి పైమాటే. ప్రతి నెలా ముందు వడ్డీ మినహాయించి మిగిలినదే అసలుకు జమకట్టే ఖచ్చితమైన పద్ధతిలో చూసినా 21 శాతం దాటుతుంది. పన్నెండు అని రాసి ఉన్నది పన్నెండు కాదు. తీరిన అసలు మీద కూడా వడ్డీ కట్టించుకొనే ఏర్పాటది. ఆ అప్పు మానుకొని, మా ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో, తరిగే బాకీ మీద వడ్డీ లెక్కించే పద్ధతిన తీసుకొన్నాము. ఇప్పటి యువ ఉద్యోగులకు కొంత సదుపాయం కలిగింది. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2024 అక్టోబరు 1 నుండి వ్యక్తిగత అవసరాలకు ఇచ్చే కొత్త రుణాలలో, ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును తెలిపే ముఖ్యాంశాల పత్రాన్ని బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు రుణగ్రహీతకు ఇవ్వాలి. ఆ పత్రాన్ని చదివే ఓపిక మాత్రం మనకే ఉండాలి.

ఇటువంటి చోట్లు నిత్యజీవితంలో ఎన్నో ఉన్నాయి. 120 కిలోమీటర్లు గంటకు 40 చొప్పున వెళ్ళి 60 చొప్పున తిరిగివస్తే సగటు వేగం 50 కాదు, 48. ఎందుకంటే నెమ్మదిగా వెళ్ళిన దారిలో ఎక్కువసేపు గడిపాము. 20 శాతం తగ్గింపు మీద మరో 10 శాతం తగ్గింపు అంటే 30 కాదు, 28. ఎందుకంటే రెండవ తగ్గింపు తగ్గిన ధర మీద వచ్చింది. ఈ పొరపాట్లన్నింటిలోనూ గుణకారాలూ భాగహారాలూ సరిగానే ఉంటాయి. సమానం కానివాటిని సమానమనుకోవడమే పొరపాటు. లోతులో ప్రతి సెంటీమీటరూ సమానమనుకొన్నాను. అప్పులో ప్రతి నెలా సమానమనుకొన్నాను. త్రైరాశికం చేసే ముందు దాని అర్హతను పరీక్షించాలని మా మాస్టారు ఒక్క ప్రశ్నతో ఏనాడో చెప్పారు.

ఉన్నత పాఠశాల గణితం మనకు ఇంజనీరు ఉద్యోగం ఇవ్వకపోవచ్చు. కాని దాని వల్ల ఒక సామాన్యుడు తన ముందున్న కాగితాన్ని, దాని మీద ఎవరి సంతకమున్నా సరే, తానే సరిచూసుకోగలడు. మరొకరి మీద వేలెత్తి చూపే ముందు తన లెక్కను మరొకసారి తిరగవేసుకోగలడు. మన కార్యాలయాలలో నేడు పట్టికలను కంప్యూటర్లు తయారుచేస్తున్నాయి, ట్యాంకుల మట్టాన్ని పరికరాలే కొలిచి చూపుతున్నాయి. అయినా ట్యాంకు నిలబడి ఉన్నదా, పడుకొని ఉన్నదా అన్నది ఎవరో ఒకరు ముందుగా చెప్పాలి. రాడ్డు పట్టుకొన్న మనిషి ఏమి చూశాడో ఎవరో ఒకరు వినాలి.

మనుమరాలికి ఈ కథంతా చెప్పాక, కాగితం మీద వృత్తం గీసి ఇచ్చి, 50 సెంటీమీటర్ల లోతుకు లెక్క కట్టమన్నాను. ఇరవై నిమిషాలలో 3,931 తెచ్చి చూపింది. తరువాత బావి లెక్క అడిగాను. నాలుగు వందల మంది అనగానే కలం ఆపి నా ముఖంలోకి చూసి, "బావి ఎంత వెడల్పు తాతయ్యా?" అన్నది.